ఎవరి పొట్లం వాళ్ళకే

శొంఠి దంచిన వాసన తగిలితే ఇప్పటికీ నేనక్కడ నిలవలేను. మొన్న కోడలు కషాయానికి శొంఠి దంచుతుంటే వంటింట్లోంచి లేచి వచ్చేశాను. నాకు గుర్తొచ్చేది దగ్గూ జలుబూ కాదు, ఫ్లాపీ డిస్కులు. ఎనభైల చివర్లో, పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో, మా ఆఫీసు ఒక నాటు మందుల కొట్టు మీది మేడలో ఉండేది. కింది వాసన మెట్లెక్కి వచ్చి మా డిస్కులకు కూడా పట్టేది. కొట్టు సుగుణక్క నాన్నగారిది, మేడ మీది కంప్యూటర్ల పని సుగుణక్కది. నేను ఆమె దగ్గర ప్రోగ్రాములు రాసేదాన్ని.

సుగుణక్క ఉత్త పిరికిదని అప్పట్లో నా అభిప్రాయం. మేమిచ్చే ప్రతి ప్రోగ్రామునూ దానికి కావలసిన ఫైళ్ళన్నిటితో కలిపి విడిగా ఒక డైరెక్టరీలో, అంటే ఇప్పటి ఫోల్డర్లో, పెట్టమనేది. కాగితం మీద అచ్చువేయించే ప్రింటింగ్ ఫైలు అన్నిటికీ ఒకటే కదా, అందరికీ కలిపి ఒకచోట పెడితే ఎంత జాగా మిగులుతుందో అని నేను వాదించాను. ఆమె నన్ను కింద కొట్టులోకి తీసుకెళ్ళింది. నాన్నగారు ఒకే ఇంటి అత్తకూ కోడలికీ మందులు కడుతున్నారు. ఇద్దరికీ శొంఠి కావాలి, అయినా రెండు పొట్లాలు.

"రేపు అత్త మందు మారిస్తే కోడలిది చెడకూడదు హేమా. జాగా పోతే పోనీ" అంది. నేను తలూపాను గానీ, కంప్యూటర్‌కీ కరక్కాయకీ పోలికేమిటని లోలోపల నవ్వుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

నెల్లితోపులో ఒక నర్సింగ్ హోమ్‌లో మా ప్రోగ్రాము అప్పటికే నడుస్తుండేది. రోజూ పొద్దున రోగుల పేర్లూ, ఎదురుగా వాళ్ళ షుగర్ పరీక్షల ఫలితాలూ అచ్చువేసేది. వార్డు జాబితా కోసం ఇంకో ప్రోగ్రాము అడిగితే, పెట్టడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. హార్డ్ డిస్కు నిండిపోవచ్చింది. పాత ప్రింటింగ్ ఫైలు తీసేసి, కొత్తది రెండింటికీ ఉమ్మడిగా పెట్టాను. కొత్త ప్రోగ్రాము చక్కగా నడిచింది. పాతదాన్ని తెరిచి చూడలేదు.

మర్నాడు పొద్దున మా ఆఫీసు కంప్యూటర్లోనూ అలాగే పెట్టి, ఎందుకో పాతదాన్ని నడిపాను. కొత్త ఫైలు దానికి పొసగక ఫలితాలన్నీ ఒక వరస కిందికి జారాయి. ఒకరి షుగర్ కిందివాళ్ళ పేరు పక్కన పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పాటికి నర్సింగ్ హోమ్‌లో కాగితం అచ్చయి ఉంటుంది, దాన్ని చూసే ఇన్సులిన్ సూదులు వేస్తారు. నోరు మూసుకుంటే తప్పు నాదని ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది, అబద్ధమెందుకు? వెళ్ళి సుగుణక్కకు చెప్పాను.

"ఫైలు యాడ పెట్టినావు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. నర్సింగ్ హోమ్‌కు ఫోను కలవలేదు. ఇద్దరం ఆటో ఎక్కాం. దారంతా నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

మేం వార్డులోకి వెళ్ళేసరికి నర్సు ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని ఉంది. సుగుణక్క అడ్డంగా నిలబడి, కాగితం తప్పని, సూది వెయ్యొద్దని తమిళంలో చెప్పింది. నర్సు కసురుకుంది. చివరికి ల్యాబు నోటుబుక్కు తెప్పించి చూస్తే ఆ ముసలావిడ షుగర్ మామూలుగానే ఉంది. ఎక్కువున్నది పై పేరుకి. ఆ పొద్దుటికి అదే మొదటి సూది. గోడకు ఆనుకుని ఏడ్చేశాను. సుగుణక్క నర్సుతో తప్పు తమదేనని చెప్పి, పాత ఫైలు దాని చోట పెట్టేదాకా కదల్లేదు.

తిరిగొచ్చాక ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆమె కొట్టు పక్క మెట్ల మీద కూలబడింది. అప్పుడు చూశాను, ఆమె చేతులు నా చేతులకన్నా ఎక్కువగా వణుకుతున్నాయి. మీకూ భయమేనా అక్కా అని అడిగాను.

"భయం లేకుంటే ఇన్ని పొట్లాలు ఎందుకే కట్టేది?" అంది. లేస్తూ, "నువ్వు వచ్చి చెప్పినావు. అది చాలు. రేపు రా" అంది.

సుగుణక్క ఇప్పుడు లేదు. కంప్యూటర్లలో జాగాకు కరువూ లేదు. అయినా కొత్తది ఏది పెట్టినా ముందు పాతదాన్ని తెరిచి చూస్తాను. మా ఆఫీసులో పిల్లలు నవ్వుతారు, నేను ఒకప్పుడు నవ్వినట్టే. అది సరిగ్గా తెరుచుకునేదాకా నా చేతులు వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకు పోకూడదనే నా కోరిక.