కిమ్ హాక్ కాలి వేలు

బాలిక్ పులావ్ కొండ మీద మా పక్క తోట కిమ్ హాక్‌ది. పనసలా ఒళ్లంతా ముళ్లుండే దురియన్ పండు నేల మీద పడిన చప్పుడు వింటే చాలు, ఏ చెట్టుదో, ఏ కొమ్మదో చెప్పేసేవాడు. లోపలి తొన తీపో, కాస్త చేదో కూడా చెబుతాడని ఊళ్లో ప్రచారం చేసింది నేనే.

మా కొండ మీద దురియన్‌ను ఎవరూ కొయ్యరు. అదే పండి, అదే రాలాలి. రాలగానే పరుగెత్తకపోతే ఉడత పాలో, అడవిపంది పాలో. కిమ్ హాక్ తన పెళ్లిలో ఆచారం ప్రకారం అత్తగారికి టీ కప్పు అందిస్తూ చప్పుడు విని లేచి పరుగెత్తాడు. ఆ కప్పు ఎవరి చేతిలో పెట్టాడో ఇప్పటికీ తేలలేదు.

అలాంటివాడికి షుగర్ వచ్చింది. కాలి బొటనవేలికి పుండు పడి మానలేదు. ఇన్సులిన్ సూది వేసుకోవాలనీ, దురియన్ తగ్గించాలనీ, లేకపోతే వేలు తీసేయాల్సి వస్తుందనీ ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. అడవిపందిని కర్రతో తరిమిన మా కిమ్ హాక్, సూదిని చూసి బల్ల కింద దూరాడు. హిప్నాటిజం చేయించుకుంటే సూదీ అక్కర్లేదు, పథ్యమూ అక్కర్లేదని కాఫీ కొట్టులో ఎవరో చెవిలో వేశారు. అంతే, జార్జిటౌన్ పట్నంలో రొహానా దగ్గరికి బయల్దేరాడు. ఆమె చాలాకాలం నర్సుగా చేసి ఆ విద్య నేర్చుకున్న మనిషి. అతని భార్య సియూ గైకూ, నేనూ తోడు వెళ్లాం.

"అమ్మాయ్, నా ఒంట్లో చక్కెరని దిగిపొమ్మని గట్టిగా చెప్పెయ్," అన్నాడు కిమ్ హాక్.

"నేను చెబితే చక్కెర వినదు అంకుల్, దానికి చెవుల్లేవు," అంది రొహానా. "సూదంటే భయం తగ్గించగలనేమో చూస్తా. పుండుకి మాత్రం ఆస్పత్రి మందే."

"పోనీ, దురియన్ వాసన తగిలితే వాంతి వచ్చేట్టు చెయ్యమ్మా," అంది సియూ గైక్.

"మానాలని ఆయనకి ఉంటే సాయం చేస్తా ఆంటీ. లేకపోతే నా వల్ల కాదు."

కిమ్ హాక్ కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్లు మూసుకుని, ఇష్టమైన ప్రశాంతమైన చోటికి వెళ్లమంది రొహానా. ఇంకెక్కడికి వెళ్తాడు? ముఖం వెన్నలా మెత్తబడింది. సరిగ్గా అప్పుడే మేడ మీద ఎవరో ఏదో ధబ్బుమని పడేశారు. "పైగట్టు చెట్టు!" అని అరిచి కిమ్ హాక్ వీధిలోకి దూకాడు. ఆ పుండు కాలితోనే! నూడుల్స్ బండి దగ్గర పట్టుకున్నాం.

"ఓరి ముసలాడా, అది మేడ మీదివాళ్ల బియ్యం బస్తా!" అని తల బాదుకుంది సియూ గైక్.

"ఈసారి సముద్రానికి వెళ్దాం అంకుల్," అంది రొహానా నవ్వాపుకుంటూ.

మళ్లీ కుర్చీలో వాలి, ఊహలో సముద్రం దగ్గర కుదురుకున్నాడు. సియూ గైక్ ఆగలేకపోయింది. "ఇప్పుడైతే నిజమే చెబుతాడు, అడగమ్మా!"

"ఇందులోనూ అబద్ధం ఆడొచ్చు ఆంటీ."

ఆవిడే అడిగేసింది. "నిన్న ఎన్ని తిన్నావయ్యా?"

"ఒక్క తొన," అన్నాడు కళ్లు తెరవకుండా, పసిపిల్లాడంత అమాయకంగా.

"చూశారా! ఈ నిద్రలో కూడా నాకే టోపీ!"

"దురియన్ మానాలని ఉందా అంకుల్?" అడిగింది రొహానా.

"లేదు." ఆ జవాబుకి మాత్రం తడుముకోలేదు.

"మరి వేలు ఉండాలా?"

మూసిన కంటి కొనలో నీరు నిలిచింది. "ఉండాలి. అది లేకపోతే వాలులో పరుగెత్తలేను."

రొహానా ఆ మాటనే పట్టుకుంది. దురియన్ జోలికి పోలేదు. పుట్టినప్పటి నుంచీ దురియన్ ముళ్లు గుచ్చుకుంటున్న చేతులాయె, సూది కూడా ఆ ముల్లు లాంటిదేనని మెల్లగా చెబుతూ పోయింది. ఒక్కరోజులో లొంగలేదు. వెళ్లగా వెళ్లగా, సూది తనే తీసి పొడుచుకున్నాడు. "ఇదా? చిన్న కాయ ముల్లు!" అని నా వైపు చూసి మీసం దువ్వాడు. మీసం లేదనుకోండి.

మందుతో పుండు మానింది. వేలు నిలిచింది. దురియన్ మోజూ అలాగే నిలిచింది.

"హిప్నాటిజం పనిచేసిందంటావా?" అనడిగాను ఓ మధ్యాహ్నం అతని తోట గుడిసెలో.

"సూదికి చేసింది. దురియన్‌కి సియూ గైక్ చేస్తోంది, రోజుకో తొన లెక్కపెట్టి," అన్నాడు దిగులుగా.

ధబ్! మాట పూర్తయ్యేలోపే వాలులో మాయమయ్యాడు. సియూ గైక్ తీరిగ్గా లేచి వెనకాలే నడిచింది. ఆవిడకి తొందరేముంది? పండు చీల్చే కత్తి ఆవిడ నడుముకే ఉంది.