పట్టాభిరామయ్య గారి తొంభై ఎనిమిది

మా మేనమామ పట్టాభిరామయ్య మీద నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. ఆయన్ని తలుచుకుంటే మొదట వచ్చేది అదే.

ఉంగుటూరులో ఆయనకు మూడెకరాల వరి. అరవై రెండేళ్ళ బక్కపలచని మనిషి. తెల్లారేసరికి చేలో ఉంటారు, చెప్పులు గట్టు మీదే వదిలేస్తారు. కిరాణా కొట్టు నిత్యానందం గారికి షుగరు వచ్చిందని తెలిసిన దగ్గర నుంచీ మావయ్యకు అదొక వినోదం. అది కూర్చుని తినేవాళ్ళ జబ్బనీ, చెమటోడ్చేవాడి ఛాయలకు రాదనీ టీ బడ్డీ దగ్గర అందరి ముందూ ఆయన్ని ఏడిపించేవారు. నిత్యానందం గారు పొట్ట నిమురుకుని నవ్వేసి ఊరుకునేవారు.

ఆ మాట తప్పని చూపించడమే నా ఉద్యోగం. నేను ఏలూరులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. పైకి సన్నగా కనిపించేవాళ్ళకు కూడా పొట్ట లోపల, పేగుల చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. ఆ కణాలు ఉబ్బిపోయి ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. ఆపరేషన్లకు వచ్చినవాళ్ళ అనుమతితో శనగగింజంత కొవ్వు తీసుకుని, షుగరున్నవాళ్ళదీ లేనివాళ్ళదీ పోల్చి చూసి, తేలింది పుస్తకంలో అచ్చేస్తాం.

రెండేళ్ళ క్రితం తాడేపల్లిగూడెంలో మావయ్యకు పిత్తాశయంలో రాళ్ళు తీశారు. పరగడుపున రక్తం తీస్తే షుగరు తొంభై ఎనిమిది, వందలోపే. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష మిగతా అందరికీ చేయించాను, ఆయనకు మానేశాను. మావయ్యే కదా, కళ్ళ ముందు తిరిగే మనిషే కదా! అనుమతి పత్రం కూడా అందరికీ పంక్తి పంక్తీ చదివి వినిపించేదాన్ని. ఆయనకు మాత్రం సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. చదవకుండానే పెట్టేశారు.

ఆయన కొవ్వు ఆరోగ్యవంతుల పెట్టెలోకి వెళ్ళింది. తీరా మైక్రోస్కోపు కింద చూస్తే అచ్చంగా షుగరు రోగి కొవ్వే. మళ్ళీ రక్తపరీక్ష చేయిద్దామని నా దగ్గర పనిచేసే శ్రావ్య రెండుసార్లు అడిగింది. స్లయిడు తయారుచేయడంలోనే ఏదో పొరపాటు జరిగిందని ఆ పిల్లనే కసిరాను.

మొన్న డిసెంబరు కోతల్లో మావయ్య కాలి వేళ్ళ సందున వరి కొయ్యకాలు దిగింది. దిగినట్టు ఆయనకే తెలియలేదు. వారానికి పుండు వాసన కొడితే అత్తయ్య భాగ్యలక్ష్మి చూసి నాకు ఫోన్ చేశారు. ఆస్పత్రిలో సగటు పరీక్ష చేస్తే పదకొండు. ఆరున్నరకే షుగరంటాం. రెండు వేళ్ళు తీసేశారు, పాదం దక్కేదీ లేనిదీ వారం ఆగితే గానీ చెప్పలేమన్నారు.

నేను వెళ్ళేసరికి మంచం పక్కన ఇడ్లీలు ముట్టకుండా ఉన్నాయి.

"నువ్వు రక్తం తీస్తావని నిన్నటి నుంచీ ఏమీ తినలేదమ్మా," అన్నారు అత్తయ్య. "సూదంటే చాలు, మూడ్రోజుల ముందే అన్నం మానేస్తారు. దోసకాయ ముక్కలూ, పల్చటి మజ్జిగానూ. గూడెంలో ఆపరేషనప్పుడూ ఇంతే."

ఆ తొంభై ఎనిమిది అలా వచ్చిందన్నమాట! నా ఒళ్ళు మండిపోయింది. పెద్దవాళ్ళ ముందు గొంతెత్తని ఇంట్లో పుట్టిన నేను వరండా అంతా వినపడేలా అరిచాను. "ఇది పాసవ్వడానికి పెట్టిన పరీక్ష కాదు మావయ్యా! ఎవర్ని మోసం చేద్దామనండీ?"

ఆయన కట్టు కట్టిన కాలి మీదికి దుప్పటి లాక్కున్నారు.

"నిత్యానందాన్ని అన్నేళ్ళు ఏడిపించాను కదమ్మా," అన్నారు. "నీ పుస్తకంలో నా పేరు పక్కన షుగరని అచ్చేస్తే, ఆ బడ్డీ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

పుస్తకంలో ఎవరి పేరూ ఉండదనీ, అక్కడ ఆయన నలభై ఒకటో నంబరు మాత్రమేననీ, ఆ సంగతి అనుమతి పత్రం రెండో పంక్తిలోనే ఉందనీ విసురుగా చెప్పాను. చెబుతుండగానే నా గొంతు తగ్గిపోయింది. ఆ పంక్తి ఆయనకు చదివి వినిపించనిది నేనే.

పాదం దక్కింది. ఆయన కొవ్వును షుగరున్నవాళ్ళ పెట్టెలోకి మార్చాలంటే మళ్ళీ సంతకం కావాలి. పత్రం తీసుకుని ఉంగుటూరు వెళ్ళి, అరుగు మీద ఆయన పక్కన కూర్చుని మొదటి నుంచీ చదివాను. రెండో పంక్తి అవగానే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఆ ముక్క మళ్ళీ చదవమ్మా," అన్నారు.

చదివాను.