మీటరు కూత

మా ఆయన సాంసన్‌కు మొండితనం ఎక్కువ. ఫోన్లు బాగుచేస్తే చేతినిండా పని ఉంటుందని ఎంత మొత్తుకున్నా వినడు. పాత రేడియోలు, టేపురికార్డర్లు, ఇవే ఆయన లోకం. మిర్యాలగూడలో మా షాపు ఒకే గది. కిటికీ దగ్గర ఆయన బల్ల, గుమ్మం పక్కన నా కుట్టుమిషన్. సూర్యాపేట నుంచీ, కోదాడ నుంచీ కూడా పాత సెట్లు మోసుకొస్తారు. సాంసన్ చెవి పెడితే చాలు, రోగం దొరుకుతుందని పేరు. ఆ పేరు మీదే మేం తింటున్నాం.

ఆ చెవులే పోతున్నాయి.

నాకది మీటరు వల్ల తెలిసింది. మామూలు మల్టీమీటరే. దాని రెండు పుల్లలు తీగ రెండు కొసలకూ ఆనిస్తే, తీగ మంచిదైతే కుయ్యిమంటుంది, తెగితే మోగదు. పైన అంకె కూడా పడుతుంది గానీ ఆయన చూడడు. తల తిప్పితే పుల్ల జారుతుందట. ముప్పై ఏళ్లుగా కళ్లు సెట్టులో పెట్టి, చెవితోనే పని. పోయిన ఏడాది నుంచి అది మోగుతున్నా ఆయన పుల్లతో గోకుతూనే ఉంటున్నాడు. ఏమిటా అని నేను తొక్కడం ఆపితే, అప్పుడు పుల్ల తీసేవాడు. ఒకరోజు బాబిన్ మార్చడానికి మిషన్ ఆపాను. అంతే, ఆయన మోగని తీగను మంచిదే అనుకుని సెట్టు మూసేశాడు. అప్పుడు అర్థమైంది. సన్నటి కూత వినిపించక, మిషన్ చప్పుడు ఆగడాన్నే గుర్తు పెట్టుకున్నాడు.

ఆనాటి నుంచి మీటరు మోగినప్పుడే మిషన్ ఆపుతున్నాను. ఆయనను అడగలేదు, అడిగితే చిన్నబోతాడు. కానీ పొద్దున షట్టర్ ఎత్తిందగ్గర్నుంచీ భయమే. బయటికి పొక్కితే చెవిటివాడి చేతికి రేడియో ఎవరిస్తారు?

మొన్న మంగళవారం భద్రు వచ్చాడు. వేములపల్లి దగ్గరి తండా ఆయనది, లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. తెచ్చిన వాల్వు రేడియో పెట్టి పోవచ్చు కదా, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"లైటొస్తున్నది గని సప్పుడు లేదు సాంసన్. నువ్వు సూడు, నేను గీడనే కూసుంట."

కరెంటు పని చేసినవాడికి మీటరు కూత తెలియదా? ప్రభువా అనుకుంటూ గబగబా తొక్కేసరికి దారం తెగింది. తొందరలో దారం సూదిలోకి ఎక్కదు. సరిగ్గా అప్పుడే మా ఆయన స్పీకర్‌కు పుల్లలు ఆనించాడు.

కుయ్యిమంది. ఆగి ఉన్న మిషన్ మళ్లీ ఎలా ఆగుతుంది? ఆయన పుల్లలు మార్చి పెట్టాడు. మళ్లీ మోగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"స్పీకర్ కాయిల్ పోయింది భద్రన్నా. గిసొంటిది ఇప్పుడు యాడ దొరకదు."

భద్రు మీటరు వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. ఏదో ఒకటి అనాలని నేను నోరు జారాను.

"ఆ మీటర్ ఖరాబైందన్నా. ఊకెనే మోగుతది."

"మోగిందా?" అన్నాడు మా ఆయన.

ఆయన పుల్లలు బల్ల మీద పెట్టేశాడు.

"తీస్కపో భద్రన్నా. నాకు ఇనబడ్తలేదు. సెవిటోని కాడ రేడియో పెట్టి ఏం జేస్తవ్."

భద్రు లేచి రేడియో మీద చెయ్యి వేశాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. వెళ్లి ఆ పెట్టెను గట్టిగా పట్టుకున్నాను.

"కూసో అన్నా. కాయిల్ మంచిగనే ఉన్నది. రెండుసార్లు మోగింది, నేను విన్న. రోగం ఇంకోకాడ ఉన్నది. అది పట్టుడు నీకు రాదు, నాకు రాదు, ఆయనకే వస్తది." మా ఆయన వైపు తిరిగాను. "నువ్వు పుల్ల పెట్టు. మోగితే నేను చెప్త."

భద్రు మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. మా ఆయన మాత్రం పుల్లలు ముట్టలేదు.

"నీకెప్పటిసంది ఎర్క?" అన్నాడు.

"ఏడాది సంది."

"ఏడాది సంది ఎర్కుండి ఒక్క మాట అనకపోతివి."

"నువ్వన్నవా?" అన్నాను.