నార్మ్ ఏ పక్క నిలబడ్డాడు

నార్మ్ లబౌంటీ ఇరవై రెండేళ్లుగా ఈస్ట్ ఆల్డర్ ఊరికి రోడ్ల మనిషి. చలికాలమంతా మంచు తోస్తాడు, మంచు కరిగాక బురదలో దిగబడిన కార్లు లాగుతాడు, ఎండలొస్తే గుంతలు పూడుస్తాడు. ఈ పనులు అమెరికాలోని వెర్మాంట్‌లో ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. నార్మ్ పేరు చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు పాకడానికి కారణం వేరు. ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరంతా టౌన్ హాల్లో కూర్చుని పన్నుల మీద చేతులెత్తి ఓటేస్తుంది కదా, ఆ రోజు రోడ్ల మనిషి జీతం పెంచే అంశం రాగానే ఈయనగారు లేచి నిలబడి, "పెంచొద్దు. జనం ఇప్పటికే కట్టలేక చస్తున్నారు" అని చెప్పి కూర్చుంటాడు.

ఆ జీతం ఆయనదే. వద్దని లేచే చెయ్యి కూడా ఆయనదొక్కటే. మిగతా ఊరు నవ్వుకుంటూ నాలుగు డాలర్లు పెంచేస్తుంది. పెంచింది మాత్రం బుద్ధిగా పుచ్చుకుంటాడు. అదేంటయ్యా అని ఎవరైనా అడిగితే, "ఊరు ఇమ్మంది, తీసుకున్నాను. ఊరి మాట కాదనడానికి నేనెవణ్ణి?" అంటాడు. ఇలాంటి మనిషితో వాదించి ఎవరు మాత్రం నెగ్గుకు రాగలరు?

ఆ మొండితనం ఊరికే వచ్చింది కాదు. నార్మ్‌కి పదిహేనేళ్లప్పుడు కొండ మీద బోస్టన్ వాళ్లు సెలవుల కోసం ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్లను చూసి చుట్టూ ఉన్న నేలకి ధర కట్టారు, ధరను చూసి పన్ను వేశారు. నార్మ్ నాన్నకి ఉన్నవి ముప్పై ఆవులు. ఆవుల పాలకు మాత్రం ఎవరూ ధర పెంచలేదు. చివరికి పన్ను కట్టడానికి కొండ మీది పచ్చిక అమ్మేశాడు. అక్కడిప్పుడు మూడంతస్తుల ఇల్లుంది. దాని దాకా మంచు తోసి దారి చేసేది నార్మే.

ఆ తర్వాత కుర్చీల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు చేశాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం దానికి తాళం పడింది. సోమవారానికి మిషన్లు లారీలెక్కి దక్షిణాదికి పోయాయి. ఎందుకు పోయాయన్న దాని మీద నార్మ్‌కీ వినిఫ్రెడ్ పైక్‌కీ ఇరవై రెండేళ్లుగా తగువు నడుస్తూనే ఉంది. ఆవిడ ఐదో తరగతిలో నార్మ్‌కి చదువు చెప్పిన టీచరు, ఇప్పటికీ పూర్తి పేరుతో నార్మండ్ అనే పిలుస్తుంది. వయసు డెబ్బై ఆరు, నోటికి మాత్రం ఇంకా పాతికే. పొద్దున్నే ఆరింటికి అంగట్లో కాఫీ దగ్గర ఇద్దరూ మొదలుపెడతారు.

"పన్నులు పీక్కు తిన్నారు, వాళ్లు పారిపోయారు," అంటాడు నార్మ్.

"ఏం పీక్కున్నాం? పదేళ్లు పన్ను మాఫీ చేశాం. పదకొండో ఏడు రాగానే మూటాముల్లె సర్దుకున్నారు. అది పారిపోవడం కాదు నార్మండ్, తిని చెయ్యి కడుక్కోవడం."

"అందుకని మా దగ్గర గుంజుతారా?"

"నీకు లెక్కలు చెప్పింది నేనే. ఎక్కడ తప్పు చెప్పానో ఇప్పటికీ తెలియట్లేదు."

"తీసివేతలు బాగానే చెప్పారు టీచర్. మీకే కూడికల మీద మోజెక్కువ."

అంగడాయన కాఫీ కూజా పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి నవ్వుతాడు. ఊళ్లో అదో వినోదం. దాని కోసమే త్వరగా లేచి వచ్చేవాళ్లూ ఉన్నారు.

ఈ ఏడు ఫిబ్రవరిలో సభ అంశాల పుస్తకం ఇంటింటికీ వచ్చింది. పద్నాలుగో అంశం చదివేసరికి నార్మ్ చేతిలో చెంచా చేతిలోనే ఉండిపోయింది. ఊరికి సొంత రోడ్ల మనిషి అక్కర్లేదట. లారీ అమ్మేసి, పక్క జిల్లా కాంట్రాక్టరుకి పని అప్పగిస్తే పన్ను తగ్గుతుందట. ప్రతిపాదించింది ఊరి పెద్దల్లో ఒకడైన క్లిఫ్ వెదర్‌బీ. కింద ఒక ముక్క కూడా చేర్చాడు: "జనం కట్టలేక చస్తున్నారని మన నార్మ్ ఏటా చెబుతూనే ఉన్నాడు."

నార్మ్ భార్య డొరీన్ పుస్తకం లాక్కుని చదివింది. ఆమెకి పన్నెండేళ్లుగా చక్కెర జబ్బు, రోజుకి నాలుగుసార్లు సూది. ఆమె ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను చూసుకుంటుంది. గంటకింత అని జీతం ఇస్తారు తప్ప ఇన్సూరెన్స్ ఇవ్వరు. మందుల ఖర్చుకి ఆ ఇంటికున్న ఇన్సూరెన్స్ నార్మ్ ఉద్యోగంతో వచ్చిందే. కాంట్రాక్టరు చలికాలం నాలుగు నెలలు నార్మ్‌ని పెట్టుకుంటానన్నాడు, ఇన్సూరెన్స్ ఊసెత్తలేదు. ఉద్యోగం పోతే ఏం పోతుందో ఆ ఇంట్లో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

"ఈసారి నీ వేషాలు నా దగ్గర సాగవు," అంది డొరీన్. "ఉద్యోగం ఉంచాలన్న పక్క నిలబడతావు. నిలబడి నోరు మూసుకుంటావు. అర్థమైందా?"

"అర్థమైంది."

నిజంగానే అర్థమైంది. మూడు వారాలు లారీ నడుపుతూ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. తన మాటను తనే మింగడం సిగ్గుగానే ఉంది. కానీ సిగ్గుపడి ఎవరూ చావరు, సూది లేకపోతే డొరీన్ బతకదు. సభకి ముందు రోజు అంగట్లో వినిఫ్రెడ్ టీచర్ అతని దగ్గరికి వచ్చింది.

"రేపు నేను లేచి మాట్లాడతాను నార్మండ్."

"నా కోసం ఎవరూ లేవక్కర్లేదు టీచర్."

"నీ కోసమని ఎవరన్నారు? డొరీన్ కోసం. నీలాంటి మొండిఘటం కోసమైతే నేను కుర్చీ కూడా జరపను."

మంగళవారం హాలు కిటకిటలాడింది. బూట్ల నుంచి కరిగిన మంచుతో నేలంతా చిత్తడి. వెనక బల్ల మీద భోజనాలకని తెచ్చిన బీన్సు కుండలు, పంది మాంసం, ఆపిల్ పైలు పొగలు కక్కుతుంటే, వాటి వాసన మధ్య జనం బడ్జెట్ మీద విరుచుకుపడుతున్నారు. పద్నాలుగో అంశం వచ్చేసరికి పన్నెండు కావచ్చింది. సభ నడిపే బర్ట్రమ్ హేల్ చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాడు.

క్లిఫ్ లేచాడు. "నార్మ్ మీద నాకు కోపం లేదు. వాడి మాటే నేను చెబుతున్నాను."

వినిఫ్రెడ్ టీచర్ లేచింది. "ఫ్యాక్టరీ పోయింది, పాల డిపో పోయింది. ఈ ఊళ్లో ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్న వేళ్లు కూడా మనమే నరుక్కుంటామా?"

డొరీన్ కూడా లేచింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె సభలో నోరు విప్పడం అదే మొదలు. "నాకు మాట్లాడటం రాదు. తెల్లారుజామున మూడింటికి మీ అందరి గుమ్మాల ముందూ మంచు తోసింది మా ఆయనే. అది గుర్తుంచుకోండి, చాలు," అని గబుక్కున కూర్చుంది. చాలామంది తలలు వంచుకున్నారు.

ఉద్యోగం నిలిచినట్టే అని నార్మ్ అనుకుంటుండగా ముందు వరసలోంచి ఐడా అత్త లేచింది. నార్మ్ నాన్నకి చెల్లెలు, ఎనభై నాలుగేళ్లు. కొండ కింద పాత ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

"నార్మ్ నా అన్న కొడుకు. వాడంటే నాకు ప్రాణం," అంది. "కానీ నాకు నెలకొచ్చేది ఒక్క పింఛను చెక్కు. నిరుడు పన్ను బిల్లు కట్టాక ఇల్లు వెచ్చబెట్టే నూనె సగమే పోయించుకున్నాను. జనవరి అంతా వంటింట్లో పొయ్యి పక్కన పడుకున్నాను. నా వల్ల కాదర్రా. నేను కాంట్రాక్టరు పక్కే."

జనవరిలో ప్రతి తెల్లవారుజామూ నార్మే ఆ ఇంటి ముందు మంచు తోశాడు. మేడ మీద దీపం లేదని, వంటింట్లో మాత్రం ఉందని చూశాడు కూడా. అత్త త్వరగా లేచిందనుకున్నాడే తప్ప, ఇంకో ఆలోచన రాలేదు. ఊరందరి తరఫునా పన్ను గురించి అరిచిన మనిషి, సొంత అత్త ఇంట్లోకి ఒక్కసారి తొంగి చూడలేదు.

బర్ట్రమ్ నోటి మాటతో ఓటడిగాడు. రెండు కేకలూ సమానంగా వినపడ్డాయి. ఇక మనుషుల్ని విడదీసి లెక్కపెట్టాల్సిందే. ఉద్యోగం ఉంచాలనేవాళ్లు కిటికీల వైపు, తీసెయ్యాలనేవాళ్లు హాలు వెచ్చబెట్టే పొయ్యి వైపు. జనం కుర్చీలు జరుపుకుంటూ కదిలారు.

నార్మ్ కిటికీల వైపు రెండడుగులు వేశాడు. అప్పుడు కనపడింది, చేతికర్ర పట్టుకుని చిత్తడి నేల మీద తడబడుతున్న అత్త. ఎవరైనా చేసేదే అతనూ చేశాడు. వెళ్లి జబ్బ పట్టుకున్నాడు. ఒక్కో అడుగూ వేయించి హాలు దాటించి పొయ్యి పక్కన నిలబెట్టేసరికి అందరూ ఎవరి చోట్లలో వాళ్లు కుదురుకున్నారు. అటూ ఇటూ చూస్తే హాలు మధ్యంతా ఖాళీ.

"నార్మ్," అన్నాడు బర్ట్రమ్ కళ్లద్దాల పైనుంచి చూస్తూ, "నువ్వు నిలబడింది సరైన పక్కేనా? మారాలంటే ఇప్పుడే మారు. లెక్క మొదలయ్యాక కదలకూడదు."

హాలంతా ఘొల్లుమంది. డొరీన్ మాత్రం నవ్వలేదు. ఆమె చూపుకి గోడ కూడా కాలిపోయేదే.

"పోరా, నీ పెళ్లాం చూస్తోంది," అని గొణిగింది ఐడా అత్త.

పోదామనే అనుకున్నాడు. కాలు కూడా ఎత్తాడు. కానీ అత్త బరువంతా అతని మోచేతి మీదే ఉంది. ఆ పక్కన చేరగిలబడటానికి కుర్చీ అన్నా లేదు. జనవరి అంతా ఒక్కతే పడుకున్న మనిషిని, ఊరందరి ముందూ మళ్లీ ఒక్కదాన్నే వదిలి, తన జీతం కోసం అటు నడిచిపోవడం అతని చేత కాలేదు. డొరీన్ వైపు చూసే ధైర్యమూ చాలలేదు.

"ఇక్కడే ఉంటాను. లెక్కపెట్టు బర్ట్రమ్."

హాలు నోరెళ్లబెట్టింది. "దేవుడా, వీణ్ణి ఐదో తరగతిలోనే ఫెయిల్ చెయ్యాల్సింది!" అన్న టీచర్ గొంతు ఆ చివరి నుంచి ఖంగుమంది.

బర్ట్రమ్ ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు. కాగితం మీద రాసుకుని గొంతు సవరించుకున్నాడు.

"తీసెయ్యాలన్నవాళ్లు నలభై ఆరు. ఉంచాలన్నవాళ్లు నలభై ఏడు. రోడ్ల మనిషి ఉంటాడు."

కిటికీల వైపు ఈలలు, చప్పట్లు. ఎవరో నార్మ్ వీపు మీద చరిచారు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మందులకి ఢోకా లేదు. ఇల్లు నిలిచింది. అతనికి ఎగిరి గంతెయ్యాలనిపించింది, నిలబడిన చోటేమో గంతెయ్యనిచ్చేలా లేదు.

"ఓడిపోయాం కదరా," అంది ఐడా అత్త.

"ఓడిపోయామత్తా," అన్నాడు నార్మ్.

"అయితే బిల్లు తగ్గదన్నమాట."

"తగ్గదు."

"సరేలే," అందావిడ, వంట గురించి మాట్లాడుతున్నంత మామూలుగా. "వచ్చే చలికాలం కూడా వంటింట్లోనే పడుకుంటాను. అలవాటైపోయింది."

హాలు దాటి దుమదుమలాడుతూ వచ్చిన డొరీన్‌కి ఆ మాట వినపడింది. నోటిదాకా వచ్చిన తిట్లు అక్కడే ఆగిపోయాయి. వెనక్కి వెళ్లి ఒక కుర్చీ తెచ్చి అత్తని కూర్చోబెట్టింది. నార్మ్ ఉద్యోగం దక్కిన మనిషి, ఊరంతా వరసగా వచ్చి చెయ్యి కలుపుతోంది. అందరికీ చెయ్యి ఇస్తూనే ఉన్నాడు, అత్త ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.