దొరవారి మంచం, మా మామ అగ్గిపెట్టె

ఆ రోజుల్లో మా గద్వాలలో పరదేశం అంటే రాయచూరు. అక్కడి కన్నడ బోర్డులు చూసి వచ్చినవాడు వారంపాటు అరుగు మీద కూర్చుని కథలు చెప్పేవాడు. అలాంటి ఊరి నుంచి, తొంభైల మొదట్లో, చేనేత ప్రదర్శన పేరుతో మా మేనమామను, ఆయన మూటలు మోయడానికి నన్ను ఇటలీ పంపించారు. గుట్ట మీద చిన్న ఊరు, ఊరి నెత్తిన కోట, కోటలో ఒక దొర. "మన కోట ముంగట గిదేందిరా, పిట్టగోడ లెక్కుంది" అన్నాడు మామ. (మా కోట బురుజుల మీద అప్పటికే మేకలు మేస్తున్నాయి. పొగరుకు అవేం అడ్డం?)

దొర మంచి మాట చెబితేనే ఊరివాళ్లు మా చీరలు కొంటారని, మాతో వచ్చిన ఢిల్లీ మేడం ముందే హెచ్చరించింది. ఆయనే స్వయంగా కోట తిప్పి చూపించాడు. స్వెటర్ మోచేతుల దగ్గర చిరిగింది గాని మాటల్లో రాజ్యం ఇంకా పోలేదు. ఒక గదిలో మంచం చూపించి, దీని మీద చక్రవర్తి పడుకున్నాడని చెప్పాడు. అది మా ఇంటి నులక మంచంకన్నా పొట్టి. ఎదుటివాడు కోతలు కోస్తుంటే విని ఊరుకునే అలవాటు మా మగ్గాల వీధికి లేదు. మామ సంచిలోంచి జరీ అంచు చీర తీశాడు. "మేడంకు చెప్పురా, ఈ చీర అగ్గిపెట్టెల వడ్తదని."

ఈ మాట మా ఊళ్లో ప్రతివాడూ తల్లిపాలతో తాగినదే. తాతలు చెప్పారు, తండ్రులు చెప్పారు. పెట్టి చూసినవాణ్ని మాత్రం నేనెరుగను. నేను హిందీలో చెప్పాను, మేడం వాళ్ల భాషలో చెప్పింది. దొర నవ్వలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్లలు బల్ల మీద గుమ్మరించి, ఖాళీ డబ్బీ మామ చేతిలో పెట్టాడు.

మామ చీర మడిచాడు, చుట్టాడు, నేల మీద పెట్టి మోకాలేసి అదిమాడు. "జర నువ్వు వట్టురా" అన్నాడు. నేను పట్టాను. కొంగు ఇంకా బయటే ఉంది, డబ్బీ పక్కలు మాత్రం విచ్చుకున్నాయి. మామ చెమట తుడుచుకున్నాడు. "వీళ్ల డబ్బీలు చిన్నగున్నయి. మన దిక్కుదైతే ఎప్పుడో వట్టేది."

దొర ఆ చిరిగిన డబ్బీవంక చూసి, మంచం మీద కూర్చుని ఏదో అన్నాడు. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చక్రవర్తి అసలు ఈ ఊరికే రాలేదట. వాళ్ల తాత చెప్పేవాడట, ఈయనా చెబుతున్నాడట. మామ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. "ఏం గాదు దొరా, చెప్పుకుంట పోండ్రి. నేనైతే నమ్మిన."

మరునాడు దొర ఊరిజనాన్ని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. చీర చూపించి చేతులూపుతూ ఏదో చెప్పాడు. మేడం విప్పి చెప్పనక్కర్లేకపోయింది. రెండు వేళ్ల మధ్య ఎంత చిన్న డబ్బీ కొలిచి చూపిస్తున్నాడో మాకు కనబడుతూనే ఉంది. సాయంత్రానికి మా మూటలు ఖాళీ.

ఊరికి తిరిగొచ్చాక మామ బతికినన్నాళ్లూ, చక్రవర్తి పడుకున్న మంచం మీద కూర్చున్నానని చెప్పుకున్నాడు. ఇప్పుడాయన లేడు, నాకు బెంగగా ఉంటుంది. మా చీరల అంగడికి వచ్చినవాళ్లకు ఆ కథ నేనే చెబుతున్నాను. చక్రవర్తి కాళ్లు చాపుకోవాలి కదా అని, ఏటేటా ఆ మంచాన్ని జానెడు పొడిగిస్తున్నాను.