రేసు రోజు ఉపవాసం

జెమీమాకు సైకిలు పిచ్చి పట్టించింది కరోనా. ఇంకెవరినీ అనడానికి లేదు. మేమిద్దరం ముసలివాళ్లను చూసుకునే కేరర్లుగా పనిచేసే నర్సింగ్ హోము, ఈ పరాయి దేశంలో, లిమరిక్‌కు బయట, బస్సు రాని చోట ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క కారూ వాళ్లాయన విక్టర్ డ్యూటీకి పోతుంది. ఆమె డ్రైవింగ్ పరీక్షకు తేదీ వచ్చే వేళకు లాక్‌డౌన్ పెట్టి పరీక్షలే ఆపేశారు. ఇంకేం చేస్తుంది? వానలో నడిచి వచ్చేది. తడిసిన బూట్లు రేడియేటరు మీద ఆరేసి, నా చెప్పులు తగిలించుకుని డ్యూటీ చేసేది. పోనీలే అని ఊరుకునేదాన్ని గానీ, సాగదీసి పాడుచేస్తోందని లోపల మంటే.

ఆ రోజుల్లో బ్రీడా అని ఇక్కడి ఆమె ఒకామె, వాళ్లమ్మ మా హోములో ఉండేది. బయటివాళ్లను లోపలికి రానివ్వని కాలం. బ్రీడా రోజూ సైకిలు మీద వచ్చి, కిటికీ అద్దానికి అవతల నిలబడి, తల్లిని చూసుకుని పోయేది. ముసలావిడ ఎవరు పెట్టినా నోరు తెరిచేది కాదు, జెమీమా పెడితే తప్ప. పక్కన కూర్చుని స్పూను స్పూనుగా పారిడ్జ్ జావ పెడుతూ, "ఇంకొక్క ముద్దమ్మా, అంతే, ఇదే ఆఖరు" అని తెలుగులో బతిమాలేది. ఆ ఆఖరు ముద్ద ఎప్పటికీ అయ్యేది కాదు. ఇవతల నన్ను పిలుస్తూ గదిగదిలో బెల్లులు మోగుతుంటే ఒళ్లు మండిపోయేది.

ఆవిడ వేసవి రాకముందే పోయింది. సమాధి దగ్గర పట్టుమని పదిమంది లేరు. ఉండనివ్వలేదు కూడా. తరవాత కొన్నాళ్లకు బ్రీడా తన పాత సైకిలు నడిపించుకుంటూ వచ్చి, "ఇక నడవొద్దు" అని జెమీమా చేతిలో పెట్టింది. రేసులు తొక్కే సైకిలది. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. మా జెమీమా దాని మీద మొదటి వారమంతా మోచేతులు గీసుకుపోయి వచ్చేది. అయినా ఏడాది తిరిగేసరికి బ్రీడా వాళ్ల క్లబ్బు ఆడవాళ్ల జట్టులో నాలుగో మనిషయి కూర్చుంది.

"ఏందే నీకీ గోల? పన్నెండు గంటలు నడుములు ఇరగ్గొట్టుకుంటన్నాంగా, చాల్లేదా?" అని తిట్టేదాన్ని.

"తొక్కేటప్పుడు ఎవురూ బెల్లు కొట్టరక్కా," అనేది.

మరుసటి ఏడాది జనవరిలో మా హోములో మనుషులు వరసగా పోయారు. మేం కడిగి, దుప్పటి కప్పి, గది ఖాళీ చేసి, మళ్లీ ఇంకొకరికి టీ ఇచ్చేవాళ్లం. ఏడవడానికి కూడా తీరిక లేదు. తరవాత తీరిక దొరికినా ఏడుపు రాలేదు. అలసట ఒంట్లోంచి పోకుండా అట్లాగే ఉండిపోయింది.

రెండు వేల ఇరవై ఒకటి ఆగస్టులో రేసులు మళ్లీ మొదలయ్యాయి. అందరూ ఎవరికి వారు గెలవడానికే తొక్కుతారనుకునేదాన్ని. కాదట! జట్టులో ఒక్కరి కోసం మిగతా ముగ్గురూ వంతులవారీగా ముందు తొక్కుతూ ఎదురుగాలి తాము పడాలట. వెనక ఉన్న మనిషికి బలం మిగులుతుంది. చివరి కొండ దగ్గర ఆ మనిషిని వదిలేయాలి, ఇక ఆమె గెలుపు ఆమెది. వీళ్లకు ఆ మనిషి బ్రీడా. యాభై దాటింది, అదే తన ఆఖరి సీజనని చెప్పేసింది. కొండకు ముందు ఏటి పక్కన చదునైన రోడ్డు ఉందట, గాలంతా అక్కడే. అది జెమీమా వంతు.

సరిగ్గా అప్పుడే మా ఫెబిని ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టారు. మాతోటి కేరరే, చిన్నపిల్ల. కడుపుతో ఉన్నానని టీకా వాయిదా వేసుకుంది, అంతలో జబ్బు అంటుకుంది. లిమరిక్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లందరం గొలుసు ఉపవాసం మొదలుపెట్టాం. రోజుకొకరు, తెల్లారినప్పటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. మరునాడు ఇంకొకరు. మధ్యలో ఎవరు తిన్నా గొలుసు తెగినట్టే. జెమీమా వంతు వచ్చింది రేసు ఉన్న ఆదివారమే.

"మార్చుకోవే, ఎవురో ఒకరు తీసుకుంటారు," అన్నాను.

"ఆ పిల్లకి ఊపిరాడక గొట్టం ఏస్తే, నాకు రేసుంది, రేపు సూద్దాం అనాలా? కష్టమైన రోజు పట్టిందే ఉపవాసమక్కా."

"మరి జట్టోళ్లకి చెప్పావా?"

"చెప్తే తొక్కనియ్యరు."

మొండిఘటం. మా సంఘంలో అందరం అంతే. దేవుడికి ఏదైనా ఇస్తే మన ప్రాణాల మీదికి తెచ్చుకునే ఇవ్వాలనుకుంటాం. నోరు నొప్పి పుట్టేదాకా చెప్పి, శనివారం రాత్రి నా నైట్ డ్యూటీకి నేను పోయాను.

రేసులో జరిగింది తరవాత జెమీమాయే చెప్పింది. సన్న జల్లు, విసురు గాలి. సగం దాకా బాగానే తొక్కింది. మిగతా ఇద్దరూ తమ వంతు అయిపోయి వెనకబడ్డారు. ఏటి రోడ్డు రాకముందే ఈమెకు చెమట చల్లబడింది, ముందున్న చక్రం రెండు చక్రాలై కనిపించింది. మిగతా గుంపు ముందుకెళ్లిపోయింది. బ్రీడా వెనక్కి చూసి, వేగం తగ్గించి, పక్కకు వచ్చింది.

"ఏమైంది?"

"గ్రాండ్," అంది మా మహాతల్లి, అంటే బాగానే ఉన్నానని. ఈ దేశం వచ్చాక మేమందరం నేర్చుకున్న మొదటి అబద్ధం అదే.

"పొద్దున ఏం తిన్నావు?"

ఇక దాచలేక చెప్పేసింది. బ్రీడా మొహం కందగడ్డయింది. అక్కడ గుంపు కొండవైపు పోతోంది, తన ఆఖరి రేసు తన కళ్ల ముందే పోతోంది. చొక్కా వెనక జేబులోంచి జామ్ రాసిన రొట్టె ముక్క తీసి చాపింది.

"వద్దు. ఒక మనిషి ప్రాణం దీని మీద ఉంది," అంది జెమీమా.

"మా అమ్మ ప్రాణం కూడా నీ స్పూను మీదే ఉండేది. ఆమె నోరు మూసుకుంటే నువ్వు వదిలిపెట్టావా? నేను అద్దం బయట నిలబడి రోజూ చూశాను. నోరు తెరు."

తెరిచింది. సైకిలు పక్కన సైకిలు, ఒంటి చేత్తో హ్యాండిలు పట్టుకుని, బ్రీడా ముక్క తరవాత ముక్క నోట్లో పెట్టింది. ఈమె ఏడుస్తూ నమిలింది. ఆ తరవాత ఏటి రోడ్డంతా తల వంచుకుని ముందు తొక్కింది. కొండ మొదట్లో గుంపు తోకను అందుకుని బ్రీడాను వదిలింది. బ్రీడా ఐదో స్థానంలో వచ్చిందట. ఈమె అందరికన్నా ఆఖర్న వచ్చి, గీత దాటి, గడ్డిలో కూలబడి నాకు ఫోన్ చేసింది.

నేను డ్యూటీ నుంచి వచ్చి ఒళ్లెరగకుండా పడి నిద్రపోయి, అప్పుడే లేచాను. కోడికూర వండుకున్నాను. వేడన్నంలో పులుసు పోసుకుని మొదటి ముద్ద కలిపాను. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"అక్కా, తినేశానక్కా. గొలుసు తెంపేశాను. ఫెబికేమన్నా అయితే నా వల్లే." ఆ ఏడుపులో మాట సగమే అర్థమైంది.

తిట్లు నోటిదాకా వచ్చాయి. నేను ముందే చెప్పలేదటే, అనబోయాను. అంతలో ఆలోచన తట్టింది. రాత్రి డ్యూటీలో టీ, బిస్కెట్టు ముట్టింది చీకటి ఉండగానే. తెల్లారాక నా నోట్లో ఏమీ పడలేదు. చేతిలో కలిపిన ముద్ద ఉంది. మసాలా వాసనకు కడుపు నకనకలాడిపోతోంది. ఛీ, నా తలరాత అనుకుని ముద్దను కంచంలోకి వదిలేశాను.

"ఏడుపాపు. గొలుసేం తెగలేదు," అన్నాను.

"ఎట్టా తెగలేదు?"

"తెల్లారినకాడ్నించీ నేనేం ముట్టలా. పడి నిద్రపోయా, ఇప్పుడే లేశా. ఇయ్యాళ్టి రోజు నాది. ఏడింటిదాకా నేను పడతా. నువ్వింకేమన్నా తిని, మెల్లిగా ఇంటికి రా."

"నిజంగా తినలేదా అక్కా?"

"తినుంటే నాకింత కోపం ఎందుకొస్తదే, మొద్దూ?"

"సరే అక్కా" అంది, చిన్నపిల్లలాగా.

కంచం మీద మూత వేసి, అలమరలో పెట్టి తలుపు మూశాను. ఎదురుగా ఉంటే నా మీద నాకు నమ్మకం లేదు. చున్నీ తల మీదికి లాక్కుని కుర్చీలో కూర్చున్నాను. నిద్రపోయి చేసిన ఉపవాసాన్ని దేవుడు లెక్కలో వేసుకుంటాడో లేదో నాకు తెలియదు. వేసుకోకపోతే ఆయనతో తరవాత తేల్చుకుంటాను. కళ్లు మూసుకున్నాక జనవరిలో కడిగిన మొహాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆగి ఆగి ఏడుపొచ్చింది, ఆ ఏడాదంతటికీ అదే మొదటిసారి. ప్రార్థనకు మాటలు దొరకలేదు. ఫెబి పేరొక్కటే నోటికొచ్చింది. ఏడింటిదాకా దాన్నే అనుకుంటూ కూర్చున్నాను.