ఎడమచేతి ముడి

పాత సామాను విప్పే ఆ షెడ్డులో అందరూ ఆమెను మేకులత్త అంటారు. ఒకప్పుడు సోఫాల దుకాణంలో మేకులు కొట్టేది. ఇప్పుడు అవే మేకులు పీకుతోంది. ఆమె ముందు సోఫా పగలగొట్టాలి అన్నారో, అయిపోయారన్నమాటే. "పగలగొట్టడానికి అదేమన్నా కుండా? విప్పాలి" అంటూ ఇంతెత్తున లేస్తుంది.

ఆ రోజు ఒకాయన వ్యాన్‌లోంచి పాత సోఫా దించాడు. "ఈ చెత్తని వీధి చివర పడేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదండీ."

"ఆవిడకి బుద్ధుంది" అంది మేకులత్త.

షెడ్డులోనే పనిచేసే కోడలు, ఆమె కలిసి సోఫాను బోర్లా తిప్పి అడుగు గుడ్డ ఒలిచారు. స్ప్రింగులను బిగించిన పురికొస కనబడగానే మేకులత్త చెయ్యి ఆగిపోయింది. ముడులన్నీ ఎడమవైపుకి తిరిగి ఉన్నాయి.

"కత్తెర ఇవ్వనా అత్తయ్యా?"

"వద్దు. ఇవి నా ముడులే. ఎడమచేతి ముడి ఏడాది కూడా ఆగదని మా మేస్త్రీ రోజూ దెప్పేవాడు."

"మా అబ్బాయి పుట్టినప్పుడు కొన్నామండీ. వాడికిప్పుడు పాతికేళ్ళు" అన్నాడు సోఫా ఆయన.

మేకులత్త ముడులు ఒక్కొక్కటే గోళ్ళతో విప్పింది. ఒక్కటీ తేలిగ్గా రాలేదు. వాటి మొండితనానికి ఆమె మొహం వెలిగిపోయింది.

సాయంత్రానికి చెక్క వడ్రంగికి, స్ప్రింగులు పాత ఇనుము కొట్టుకి, గుడ్డా ఫోమూ పరుపులవాళ్ళకి వెళ్ళిపోయాయి. చెత్తబండి అతను వస్తే కోడలు చేటెడు దుమ్ము తెచ్చి పోసింది.

"అంత సోఫాకీ ఇంతేనా?"

"ఇది వాళ్ళింటి దుమ్మే. ఆ సోఫాలో మా అత్తయ్య పెట్టిందేదీ నీ బండెక్కదు."